కరియ కట్టు విప్పిన పొద్దు

ధర్మవరం జంక్షన్లో మమ్మల్ని దించేసరికి మధ్యాహ్నం రెండు. మే నెల. పట్టాల మీద చెయ్యి పెడితే కాలుతోంది. రైల్వే సమ్మె నడుస్తోంది, ఇంజన్లన్నీ షెడ్డులో చల్లారి ఉన్నాయి. స్టేషన్లు కాయడానికి మిలిటరీని దించారు. మా సెక్షన్ను లారీలో పెనుకొండకు తోలారు. తలా ఒక రైఫిలు, యాభై తూటాలు, నీళ్ల సీసా, దోమతెర. ఇంతకీ శత్రువు ఎవరయ్యా అంటే పాయింట్లు మార్చేవాడు, సిగ్నల్ దీపాలు పెట్టేవాడు. నాకు ఒళ్లు మండింది. నాది హిందూపురం. ఆ గుంపులో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే.

మా సుబేదారు ఉత్తరాది మనిషి. గొంతు పెంచి ఎరగడు, నవ్వుతూనే పని చేయించుకుంటాడు. పాయింట్స్‌మన్ నారాయణప్పను పట్టుకోవాలని అతనికి ఆర్డరు. సంఘం నాయకుడు, వారంటు ఉంది. కొండ మీద పాత కోటలో దాక్కున్నాడని పోలీసుల అనుమానం. రెండుసార్లు ఎక్కి వెతికాం. రాళ్లు, ముళ్లకంపలు, కూలిన గోడలు. మేకలు తప్ప ఎవరూ కనిపించలేదు.

తర్వాత సమ్మె చేసేవాళ్ల రైల్వే క్వార్టర్లు ఖాళీ చేయించమన్నారు. నారాయణప్ప భార్య గంగమ్మ రెండు బిందెలు, ఒక ట్రంకుపెట్టె, ఇద్దరు పిల్లలతో బయటికొచ్చింది. తలుపుకు సీలు వేశారు. వేపచెట్టుకు కట్టేసిన నల్లకుక్కను విప్పుకుని ఆమె నేరుగా మా టెంటు దగ్గరికి వచ్చింది. పాత చీర అంచుతో పేనిన తాడు.

"అన్నా, నీది యా ఊరు?"

"హిందూపురం."

"మనోనివే. దీన్ని మీకాడ పెట్టుకోండన్నా. మా అమ్మోళ్లది నల్లమాడ పక్క, బస్సులో దీన్ని ఎక్కనీరు. ఈడ ఇడిసిపెడితే రాళ్లేసి సంపుతారు. మీకాడైతే ఇంత ముద్దన్నా దొరుకుతాది. పేరు కరియ."

"నీ మొగుడు వచ్చేదాకా నేను చూసుకుంటాలేమ్మా."

"కట్టు మాత్రం ఇప్పొద్దన్నా. నీ బిడ్డలు సల్లగుండ. రైలు కింద పడతాది."

బస్సెక్కి పోయింది. ఏమంటుందామె అని సుబేదారు అడిగాడు. అన్నది అన్నట్టు హిందీలో చెప్పాను. నన్ను తీసుకొచ్చిందే అందుకు. అతను పట్టాల వైపు చూశాడు. రైలు తిరగక వాటి మీద తుప్పు లేచి ఉంది.

"ఏ రైలు?" అన్నాడు.

కట్టు విప్పితే కుక్క నేరుగా నారాయణప్ప దగ్గరికే పోతుందని నాకప్పుడు తట్టింది. అతను కొండ వైపు చూసి నవ్వాడు. "ముందు దీనికి బాగా తినిపించు. మనల్ని చూసి అరవకూడదు."

మొదటి రోజు కరియ ఏమీ ముట్టలేదు. మర్నాడు నా చేతిలోంచి రొట్టె తీసుకుంది. ఆ సాయంత్రానికి వంటవాడి కాళ్ల మీద తల పెట్టి పడుకుంది. వంటవాడు పొంగిపోయాడు, అమాయకుడు. నేను సుబేదారు దగ్గరికి వెళ్లాను.

"సాబ్, ఆ తల్లికి మాటిచ్చాను."

"మాట నీది. ఆర్డరు నాది."

తెల్లవారుతుండగా తనే కట్టు విప్పాడు. కరియ ఒళ్లు విదుల్చుకుంది. ముందు క్వార్టరు దగ్గరికి పోయి సీలు వేసిన తలుపు వాసన చూసింది. ఆ తర్వాత పట్టాలు దాటి కొండ దారి పట్టింది. వెనక మేము, మా వెనక పోలీసులు.

"కుక్క కదిలింది. ఓవర్," అన్నాడు వైర్‌లెస్ వాడు. అవతలి నుంచి నవ్వు వినిపించింది.

కూలిన బురుజు వెనక నారాయణప్ప తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. కరియ అతని మీదికి దూకింది. "ఓరి నీ పాసుగూల! యాడినుంచి వస్తివిరా!" అంటూ దాన్ని కావలించుకున్నాడు. దాని వీపు మీదుగా మమ్మల్ని చూశాడు. చేతులు అలాగే ఉండిపోయాయి.

బేడీలు వేశాక అడిగాడు. "మా ఆడది కట్టేసింటాది గదా. ఎవరిప్పినారబ్బా?"

పోలీసు హెడ్డు ఠక్కున అందుకున్నాడు. "మీ ఆడదే తెచ్చి మాకిచ్చిండాది పోరా."

"ఆయమ్మ ఇప్పొద్దన్నాదప్పా! మేమే ఇప్పినాం!" అని నేను అరిచాను. సుబేదారు నా మెడ పట్టి పక్కకు నెట్టాడు. ఆ రోజంతా ఎండలో, వీపున నిండు మూటతో పరుగెత్తించాడు. పరుగెత్తాను. ఆ దొంగనాయాలి నవ్వు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తే పళ్లు పటపటమంటాయి.

సమ్మె ముగిసింది. పెనుకొండలో ఆగిన మొదటి రైలుకే నాకు ఇంటికి సెలవు దొరికింది. ప్లాట్‌ఫారం మీద గంగమ్మ నిలబడి ఉంది.

"నేనే పట్టించినానంటాండాడన్నా. మొగం సూడనంటాండాడు. నువ్వన్నా సెప్పన్నా."

నారాయణప్ప బెయిలు మీద వచ్చాక వెళ్లి చెప్పాను. అతని ఉద్యోగం అప్పటికే పోయింది. అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "నువ్వు మిలిటరీవోనివి. మీరు ఆ పొద్దు నా కుక్కతోనే అబద్ధం ఆడించినారు. నీ మాట నేను నమ్మల్లనా?" అన్నాడు. గంగమ్మ గడపలో నిలబడి ఉంది. చివరిదాకా ఆమె వైపు తల తిప్పలేదు.

ఇప్పుడు హిందూపురంలో పిల్లలు యుద్ధం ఎట్లుంటాది తాతా అని అడుగుతారు. తుపాకుల సంగతి అడుగుతారు. నాకు కనిపించేది ఆ కొండ దిగడమే. బేడీలతో నారాయణప్ప, చుట్టూ మేము. అందరికన్నా ముందు కరియ, తోక ఊపుకుంటూ. ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి తిరిగేది, మేమందరం వస్తున్నామా లేదా అని.