నాల్ కొట్టే రోజు

మొన్న తార్నాకలో పెళ్లి బరాత్ గుర్రం టకటకమంటూ పక్కనుంచి వెళ్తే నా అరచేయి దానంతటదే ముడుచుకుంది.

ఏడేళ్లప్పుడు నాన్న నన్ను యూనివర్సిటీ క్యాంపస్‌లో గుర్రపుస్వారీ సమ్మర్ క్యాంపులో చేర్పించారు. రెండు రేకుల షెడ్లు, నీళ్ల తొట్టి, చుట్టూ ఎర్రమట్టి మైదానం. మొదటిరోజే గుర్రం ఎక్కనని ఏడ్చాను. సాయంత్రం, గుర్రాలను చూసుకునే యాదగిరి మామ మాకు స్వారీ నేర్పే సారుతో అంటున్నాడు: "రేపు పొద్దుగాల నాల్ కొట్టాలె సార్. కదిలితె కాళ్లు కట్టేస్త."

గుంటూరు నుంచి వచ్చిన మా ఇంట్లో గుర్రం గిట్టకు కొట్టే లాడం అనేదాన్నే ఇక్కడ నాల్ అంటారని నాకప్పుడు తెలియదు. ఏడ్చినందుకు నన్ను నాలుగు కొడతారనుకున్నాను. ఇంటికెళ్లాక అన్నం సహించలేదు.

తెల్లారి షెడ్డులో సుత్తి మోగుతోంది. ముందు గుర్రానికి కొట్టారు, సరిగ్గా నాలుగు కాళ్లకూ. అది కదల్లేదు. మామ దానికి బెల్లంముక్క తినిపించి, సుత్తి పట్టుకునే ఇటు తిరిగాడు.

"అయిపాయె. ఇంకెవరున్నరు?"

కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాను.

"నీకు గూడ బెల్లం గావాల్నా బిడ్డా?" అని నవ్వి, ఓ ముక్క అరచేతిలో పెట్టాడు.

దాన్ని చప్పరిస్తూ, దెబ్బలు ఎప్పుడు మొదలవుతాయా అని అక్కడే నిలబడ్డాను.