ఐదు ఎర్ర టోపీలు

నా చిన్నప్పుడు మా కుందారపల్లిలో క్రిస్మస్ అంటే పక్కింటి నుంచి గిన్నె వచ్చే రోజు, అంతే. ఇప్పుడు హోసూరులో నవంబరు సగం కాకముందే కొట్ల ముందు ఎర్రకోటు ముసలాయన బొమ్మను నిలబెట్టి, చేతికి గంట కట్టి, వచ్చేపోయేవాళ్లను పిలిపిస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఎందుకో చెప్పాలంటే ఆ గిన్నె దగ్గర మొదలుపెట్టాలి.

మా వీధిలో క్రైస్తవుల ఇల్లు ఒక్కటే. అందులో పక్కింటి అక్క ఒంటరిగా ఉంటూ బట్టలు కుట్టి బతికేది. కాన్వెంటు హాస్టల్లో పెరిగింది కాబట్టి ఉన్ని అల్లిక కూడా వచ్చు. పండగనాడు కజ్జికాయలు చేసి ఇంటింటికీ గిన్నెలో పెట్టి తెచ్చేది. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మా వైపు లేదు. దోసెడు రాగులో, నాలుగు అనపకాయలో, ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరో వేసి ఇస్తారు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఇంట్లో ఆ చక్కెర కూడా లేదు. బర్గూరు క్వారీలో రాయి జారి మా నాయన కాలు నలిగింది. ఆరు నెలలుగా మంచం మీదే ఉన్నాడు. అమ్మ కూలి సంగటికే చాలేది కాదు. ఆ ఏడు చలికి నాకు దగ్గు పట్టుకుని బడికి పోవడం కూడా మానేశాను. పండగనాడు అక్క గిన్నె తెస్తే అమ్మ గడపలోనే ఆపి, "మా ఇంట్లో తీపి ఎవురూ తినరమ్మా" అంది. నేను అమ్మ వెనక నిలబడి కజ్జికాయల వాసన పీల్చుకుంటూ ఉన్నాను. అక్క గిన్నె కొంగు కింద పెట్టుకుని వెళ్లిపోయింది.

నాలుగైదు రోజుల తర్వాత ఒక పొద్దున మా గడప ముందు మోదుగాకుల పొట్లం ఉంది. గిన్నె లేదు కాబట్టి తిప్పి పంపే పని లేదు. మనిషి లేదు కాబట్టి వద్దనే పని కూడా లేదు. ఒక పక్క కజ్జికాయలు, ఇంకో పక్క కాగితంలో చుట్టిన ఎర్ర స్వెట్టరు, సరిగ్గా నా కొలతకు. దారిన పోయేవాళ్లెవరో పెట్టారేమో అంది అమ్మ. నాయన ఊ అన్నాడు. ఇద్దరికీ తెలియక కాదు. తెలియనట్టు ఉండే వీలు దొరికింది వాళ్లకు. ఆ సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు.

స్వెట్టరు తొడుక్కుని కొళాయి దగ్గరికి పరిగెత్తాను. వీధి ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. అక్క ఎప్పుడూ వేసుకునే ఎర్ర స్వెట్టరు లేకుండా, భుజాలకు పాత తువ్వాలు కప్పుకుని ఉంది. గుట్టు కనిపెట్టేశానని నాకు ఒకటే సంబరం. "అక్కా, నీ స్వెట్టరు విప్పి నాకు అల్లినావు కదా" అని అందరూ వినేలా అన్నాను.

అక్క ముఖం పాలిపోయింది. "నేనాడ అల్లినానమ్మా, నాకేం తెల్దు" అంటూ బిందె నిండకుండానే ఎత్తుకుని పోయింది. పక్కనున్న ఒకామె నా చెయ్యి తడిమి, "పాపం, నాయన పడుకోనుండాడు, ఎవురో ఒకరు ఇయ్యాల్సిందే కదా" అంది. ఆ మాట సాయంత్రానికి మా ఇంటికి చేరింది.

నాయన కేకలు వేయలేదు. "కాలు పోయినా నాకు చేతులుండాయి. అది ఇచ్చేసి రా పో" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను స్వెట్టరు తీసి మడిచి అక్క ఇంటికి పట్టుకుపోయాను.

అక్క స్వెట్టరు తీసుకుని నన్ను మెట్టు మీద కూర్చోబెట్టింది. ఎక్కడో దూరదేశంలో, ఎన్నో వందల ఏళ్ల కింద, ఒక బిషప్పు ఉండేవాడట. తిండికి లేని ఒక ఇంట్లోకి కిటికీలోంచి సాయం విసిరేసి, ఎవరూ చూడకుండా వెళ్లిపోయేవాడట. మూడోసారి ఇంటాయన కాపు కాసి పట్టుకుంటే, బిషప్పే ఆయన్ని బతిమాలాడట, నేను బతికున్నంత కాలం ఎవరికీ చెప్పొద్దని. ఈ పండక్కి ఒకరికొకరు ఇచ్చుకోవడం ఆయన పేరు మీదే పాకిందని, ఎర్రకోటు ముసలాయన బొమ్మ కూడా ఆయనదేనని అంటారని చెప్పి, "పేరు తెలిస్తే తీసుకున్నోళ్లు తల వంచుకోవాల్సొస్తుందమ్మా" అంది.

వారం తిరక్కముందే ఒక పొద్దున మా వరసలో పిల్లలున్న ఐదిళ్ల గడపల ముందూ ఒక్కో ఎర్ర ఉన్ని టోపీ కనిపించింది. నా స్వెట్టరు ఐదు టోపీలైంది. పిల్లలున్న ఇళ్లన్నిటికీ వచ్చినదాన్ని దానమని ఎలా అంటారు? నాయన తానే నా టోపీ చెవుల మీదకు లాగి బడికి పంపాడు. అక్క మాత్రం ఆ చలికాలమంతా తువ్వాలుతోనే గడిపింది. నేను నోరు విప్పలేదు.

పోయిన ఏడు మా మనవరాలి బడిలో క్రిస్మస్ చేస్తూ ఒక కంపెనీవాళ్లు కట్టడం పనివాళ్ల పిల్లలను పిలిపించి వరసగా నిలబెట్టారు. చేతికిచ్చిన డబ్బా మీద కంపెనీ పేరు ఆ పిల్లల ముఖాల కంటే పెద్దది. ఒక పాప మూత తీయబోతే, "ఫోటో అయ్యేదాకా తెరవకూడదు" అని చెయ్యి పట్టుకుని ఆపారు. వాళ్లమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. నాకు మా నాయన వీపు కనిపించింది.

లేచి వెళ్లి, "పేరు మీకు, సిగ్గు వాళ్లకా అప్పా?" అని ఆ కంపెనీ మేనేజరును అడిగాను.

"అమ్మా, కొంచెం పక్కకు జరగండి, ఫోటోలో పడతా ఉండారు" అన్నాడు.

చెప్పొద్దని బతిమాలిన మనిషి చేతికి గంట కట్టింది వీళ్లే. ఆయన పేరు చెప్పి సరుకు అమ్ముకోవడం చాలదని, ఇప్పుడు పేదవాళ్ల ముఖాలు కూడా అమ్ముకుంటున్నారు. వీళ్లను చూసి నవ్వి ఊరుకునే వయసు వచ్చిందంటారు మా వాళ్లు. నాకు రాలేదు, రాకూడదు కూడా.

నేను ఎవరి గడప ముందు ఏం పెట్టి వచ్చానో ఇక్కడ రాయను. అక్క బతికున్నన్నాళ్లూ ఆమె సంగతి కూడా ఎక్కడా అనలేదు. ఇప్పుడు ఆమె లేదు కాబట్టి ఇంత చెప్పాను. పేరు మాత్రం చెప్పను.