చిరుతకిచ్చిన మందు

పత్తి పండించే మాకు మందంటే పురుగుమందే, చంపేదే. పెద్దతనంలో అక్షరాలు నేర్చుకున్నాక నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట కూడా ఆ డబ్బా మీదిదే. అందుకే మాచర్ల అవతల మా చేను గట్టున చిరుతపులి ఉచ్చులో చిక్కిన ఉదయం, ఫారెస్టు ఆఫీసరు ఫోనులో "మందివ్వాల్సిందే సార్" అంటుంటే దాన్ని చంపేస్తారేమోనని హడలిపోయాను.

అడవిపందుల కోసం ఎవరో కట్టిన తీగ అది. చిరుత నడుముకు బిగుసుకుంది. కదిలినకొద్దీ కోసుకుపోతోంది.

"అయ్యా, పాపం దానికి మందెందుకు? తీగ కోసి వదిలెయ్యండి," అన్నాను.

"కత్తెర నేనిస్తాలే వదినా, నువ్వెళ్లి కొయ్యి," అన్నాడు మా మరిది. అందరూ నవ్వారు.

మా బర్రెలకు సూదులు వేసే పశువుల డాక్టరు నన్ను పక్కకు పిలిచి, అది చంపేది కాదు, నిద్రపుచ్చే మత్తుమందు అని చెప్పాడు.

"మరి నువ్వే వెయ్యి నాయనా."

"నేనెయ్యకూడదు పెద్దమ్మా. ఆ మందు నా దగ్గరుండదు. పైనుంచి ఆర్డరు రావాల, దానికి వేరే డాక్టరు రావాల."

"నిద్రపోటానిక్కూడా సంతకాలేందయ్యా! సంతకమయ్యేలోపు అది చస్తది," అని అరిచాడు మరిది.

నాకూ నిజమే అనిపించింది. జనం కేక పెట్టినప్పుడల్లా చిరుత గుంజుకుంటోంది. "మీ అరుపులకే అది చచ్చేట్టుంది, పదండి ఎనక్కి," అని అందరినీ రోడ్డు దాకా తోలాను.

ఎండ ముదిరాక ఆర్డరు తీసుకుని ఆ వేరే డాక్టరు వచ్చాడు. చేతులకు తొడుగులు వేసుకుని, చిరుత బరువు అంచనా కట్టి మందు కొలిచాడు. ఎక్కువైతే అది లేవదట. తక్కువైతే మధ్యలో లేచి మీద పడుతుందట. ఒంటికి తగిలితే మనిషికీ ప్రమాదమేనట. అందుకే ఆ మందుకు తాళాలు, సంతకాలు. నాకు కోపం తగ్గి భయం పెరిగింది.

తుపాకీతో సూది వదిలారు. కాసేపటికి చిరుత తల వాల్చింది. కళ్లకు గుడ్డ కప్పి, తీగ కోసి, గాయం కుట్టి బోనులో పెట్టారు. గుడ్డ తీసి, లేపే మందు వేసి తలుపు దించారు.

చిరుత లేవలేదు. ఊపిరి ఆడుతోందా అని డాక్టరు దాని డొక్క వైపే చూస్తున్నాడు.

"ఎవరూ మాట్లాడమాకండి," అన్నాడు మా మరిది గుసగుసగా.

ముందు చెవి కదిలింది. తర్వాత తల లేచింది. మమ్మల్ని చూసి పళ్లు బయటపెట్టి గుర్రుమంది. ఒకరి మీద ఒకరం పడుతూ వెనక్కి గెంతాం, నవ్వుకుంటూ.