దూలానికి చోటు

ఆ ఆట నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పైనుంచి ఒక్కొక్కటిగా గడుల ముక్కలు దిగుతుంటాయి. వాటిని కుడికో ఎడమకో జరపాలి, కావాలంటే తిప్పాలి, అడుగున సందు లేకుండా పేర్చాలి. ఒక వరస ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిండితే మాయమైపోతుంది, పైనున్నవి ఒక మెట్టు దిగుతాయి. నిండకపోతే అలాగే ఉండిపోతుంది, దానిమీద మరొకటి పడుతుంది. గుట్ట పైకప్పును తాకితే ఆట అయిపోయినట్టు. గెలవడం అంటూ లేదు. ఎంతసేపు నిలబడ్డామన్నదే లెక్క. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

మా ఇంట్లోకి అది తొంభైల చివర్లో వచ్చింది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, బూడిదరంగు తెర, పసుపు బొత్తాలు. బజార్లో బ్రిక్ గేమ్ అనేవాళ్లు. నేను దాన్ని అమ్మ కోసం కొన్నాను. అమ్మకు ఉబ్బసం. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, మాట్లాడితే దగ్గు. మధ్యాహ్నాలు దిండ్లకు ఆనుకుని కూర్చోవాలి, మాటలు తగ్గించాలి అన్నారు డాక్టరుగారు. పూలు కడదామంటే పుప్పొడి పడదు, బియ్యం ఏరదామంటే దుమ్ము పడదు. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం అమ్మ ఎరగదు. బొమ్మల కొట్టువాడు “బాబుకా మేడమ్?” అని అడిగాడు. ఔననలేదు, కాదనలేదు. ఇంటి సంగతులు బజార్లో చెప్పే అలవాటు మాకు లేదు.

మాది చల్లపల్లి దగ్గర ఒక ఊరు. అక్కడ మా ఇంటి సావిట్లో పాతికమంది ఇబ్బంది లేకుండా భోజనానికి కూర్చునేవారు. అదంతా ఎలా పోయిందో ఇక్కడ రాయను. పోయింది. నాన్నగారు, అమ్మ, నేను విజయవాడ వన్ టౌన్‌లో, గోడౌన్ల వెనక సందులో రెండు గదుల వాటాలోకి వచ్చాం. నేను దగ్గర్లోని స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. వెనక గదిలోనే వంట, అమ్మ మంచం, పెట్టెలు, మా పక్కలు. ఆ గది గోడకు అవతల ఎండుమిర్చి గోడౌను. బస్తాలు దించే రోజుల్లో ఘాటు మా ఇంట్లోకి వచ్చి కూర్చునేది.

వీధి గది మాత్రం ఖాళీగా ఉండేది. పెద్ద కిటికీ, గాలి, పొద్దుటిపూట ఎండ, ఊరి నుంచి తెచ్చుకున్న రెండు టేకు కుర్చీలు. అంతే. అందులో మేమెవరం కూర్చునేవాళ్లం కాదు. నాన్నగారు ఉదయాన్నే ఆ కుర్చీలు తుడిపించేవారు.

“పెద్దలెవరైనా వస్తే ఎక్కడ కూర్చోబెడతాం?” అనేవారు.

అమ్మ మంచం ఆ కిటికీ దగ్గర వేస్తే బాగుంటుందని డాక్టరుగారు చెప్పారు, నేనూ చెప్పాను.

“వీధి గదిలో మంచమా? వచ్చినవాళ్లకు గడపలోనే రోగం కనబడాలా?”

ఆ మాట నాకు పూర్తిగా తప్పని తోచలేదు. నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నే. దారిన పోయేవాళ్లకు మా మంచం కనబడటం నాకూ నచ్చదు. అమ్మ దగ్గు అంతకన్నా నచ్చేది కాదు. రెంటి మధ్యా నేను ఊరుకునేదాన్ని. అమ్మ అసలు అడగలేదు. ఆట తాలూకు బ్యాటరీలు అయిపోతే, ఇంకాస్త ఓపిక వస్తుందని వాటిని తీసి వీధి గది కిటికీలో ఎండకు పెట్టమనేది. బ్యాటరీలకు దొరికిన ఎండ అమ్మకు దొరకలేదు.

ముక్కలకు అమ్మ వెంటనే పేర్లు పెట్టేసింది. నలుచదరంగా ఉన్నది పీట. వంకర తిరిగినది కత్తిపీట, దానికి ఎదురుగా తిరిగినది ఎడమచేతి కత్తిపీట. మధ్యలో తల ఎత్తినది దీపపు సెమ్మె. జారుడుగా ఉన్న రెండూ మెట్లు. నిటారుగా పొడుగ్గా ఉన్నది రోకలి.

మొదట్లో నాన్నగారు ఆ డబ్బా వైపు చూడలేదు. దాని కూత విని మొహం చిట్లించేవారు. తర్వాత ఎప్పుడో, నేను స్కూలు నుంచి వచ్చేసరికి, కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, తెరను ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి దింపలేదు. దొరికిపోయినట్టు కనబడటం ఆయనకు చేతకాదు.

“ఒక వరస కొడితే కాసిని పాయింట్లే ఇస్తాడు. నాలుగు వరసలు ఒకేసారి కొడితే చాలా ఎక్కువిస్తాడు. అదీ కిటుకు,” అన్నారు నాతో, ఆట తానే కనిపెట్టినట్టు.

నాలుగు వరసలు ఒకేసారి పోవాలంటే ఒక్కటే మార్గం. కుడిపక్క గోడ వెంట ఒక గడి వెడల్పున సందు వదిలేసి, మిగిలినదంతా ఎత్తుగా పేర్చుకుంటూ రావాలి. పొడుగు ముక్క వచ్చినప్పుడు దాన్ని నిలువునా ఆ సందులోకి దింపాలి. నాన్నగారు ఆ ముక్కను రోకలి అనలేదు. దూలం అన్నారు. మా పాత ఇంటి దూలాలు టేకువి, ఇద్దరు చేతులు కలిపితే అందేంత లావు.

“ఆ పక్క సందు అట్లా ఎందుకండీ? పీట వచ్చింది, పెట్టేయొచ్చుగా,” అనేది అమ్మ.

“పీటలతో పనేంటి? దూలం రానీ.”

“వచ్చేదాకా?”

“వచ్చేదాకా ఆగుతాం.”

“మీరు ఆగుతారు. అది ఆగుతుందా?” అనేది. నవ్వితే దగ్గు వచ్చేది. దగ్గు తగ్గాక మళ్లీ నవ్వేది.

అమ్మ ఆట వేరు. ఏది వస్తే దాన్ని ఎక్కడ సరిపోతే అక్కడ పెట్టేది. సందు మిగిల్చేది కాదు. ఒక్కో వరసే పోయేది. పెద్ద పాయింట్లు ఎప్పుడూ రాలేదు కానీ చాలాసేపు ఆడేది. నాన్నగారికి అప్పుడప్పుడు దూలం పడి నాలుగు వరసలూ ఒక్కసారి వెలిగి మాయమయ్యేవి. ఆ రోజు ఆయన కాఫీ రెండోసారి అడిగేవారు. ఎక్కువ రోజులు మాత్రం గుట్ట పైకప్పు తాకేది, కుడిపక్క సందు ఖాళీగానే ఉండేది.

“చిల్లర వరసలు కొట్టుకుంటూ ఎంతసేపు ఆడితే ఏంటి?” అనేవారు అమ్మతో.

“మీరు ఓడిపోయారుగా, ఇటివ్వండి.”

నాన్నగారు వీధి గదిని ముఖ్యంగా ఎవరి కోసం ఖాళీగా ఉంచారో అమ్మకూ నాకూ తెలుసు. నాన్నగారి పెత్తండ్రి కొడుకు, నాకు పెదనాన్న వరస. మా వంశంలో నిలబడిన శాఖ వాళ్లది. మేం ఊరు వదిలాక ఆయన ఒక్కసారి కూడా రాలేదు. బెజవాడ వచ్చి వెళ్తున్నారని మాత్రం వింటుండేవాళ్లం. అన్నయ్య వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, ఒక గ్లాసు మంచినీళ్లు తాగి వెళ్తే నాన్నగారికి చాలు. మేమింకా మేమేనని తేలిపోయేది.

ఒక వేసవిలో కబురు వచ్చింది. మనవరాలి పెళ్లి, శుభలేఖ ఇవ్వడానికి పెదనాన్నగారు స్వయంగా వస్తారని. నాన్నగారు తెల్ల పంచె కట్టారు. కుర్చీలకు ఉతికిన గుడ్డలు వేశాం. మధ్య తలుపు దగ్గరగా వేశాం. పక్క గోడౌనులో ఆ రోజే మిర్చి దిగుతోంది. తలుపు వెనక అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

కారు సందు మలుపు దగ్గర ఇరుక్కుంది. అటు నుంచి బస్తాల తోపుడు బండి, ఇటు నుంచి ఆటో. పెదనాన్నగారు దిగి నడిచి వచ్చి మా గడప ముందు నిలబడ్డారు. వెనక నుంచి బండివాడు అరుస్తున్నాడు. “ఎవరిదండీ బాబూ ఆ కారు? తీయించండి! బస్తాలు నెత్తిన పెట్టుకుని నుంచోమంటారా?”

“రండి అన్నయ్యా, లోపలికి రండి,” అన్నారు నాన్నగారు.

“కూర్చోమనకు తమ్ముడూ. చూస్తున్నావుగా, బండి అడ్డంగా ఉంది.”

“ఒక్క నిమిషం. కాఫీ సిద్ధంగా ఉంది.”

“ఇంకా చాలా ఇళ్లు ఉన్నాయి. ఇదిగో, పదో తారీకు ఉదయం. మీరంతా రావాలి.”

పెదనాన్నగారు బయట నిలబడే శుభలేఖ చాపారు. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి ఇచ్చిపుచ్చుకోకూడదని మా ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. పెదనాన్నగారికి తెలియక కాదు. నాన్నగారు చెయ్యి చాపలేదు. తనే గడప దాటి సందులోకి దిగి, అక్కడ రెండు చేతులతో అందుకున్నారు. సరిగ్గా అప్పుడే లోపల దగ్గు తెర వచ్చింది.

“లోపల ఎవరికో బాలేనట్టుంది?” అన్నారు పెదనాన్నగారు.

“మీ మరదలే అన్నయ్యా.”

“అలాగా. అడిగానని చెప్పు.”

కారు వెనక్కి వెనక్కి వెళ్లిపోయింది. బస్తాల బండి ముందుకొచ్చింది. “కాస్త తప్పుకోండయ్యగారూ,” అన్నాడు బండివాడు, ఈసారి మెల్లగా. నాన్నగారు తప్పుకున్నారు.

ఆటలో ఇది జరుగుతుంది. గుట్ట పైకప్పు దగ్గరికి వచ్చేశాక పొడుగు ముక్క వస్తుంది. వస్తుంది కానీ అడ్డంగా వస్తుంది, తిరగడానికి దానికి ఖాళీ ఉండదు. సందు కింద అలాగే ఉంటుంది. అమ్మ తప్పు కాదు, బండివాడి తప్పు కాదు.

నాన్నగారు లోపలికి వచ్చి, గుడ్డ వేసిన కుర్చీలో తనే కూర్చున్నారు. అన్నయ్య కోసం కలిపిన కాఫీ తాగారు. చల్లారిపోయిందని కూడా అనలేదు. కాసేపటికి లేచి ఉత్తరీయం తీసి మేకుకు తగిలించి, “అమ్మాయ్, ఆ మంచం అటువైపు పట్టుకో,” అన్నారు.

అమ్మను కుర్చీలోకి మార్చాం. మంచం పాతది, బరువుది, పట్టెలు వెడల్పు. మధ్య తలుపులో ఇరుక్కుంది. నాన్నగారు ఇటు తోస్తే కోడు గోడకు తగిలింది, నేను అటు లాగితే తలుపు రెక్క పట్టేసింది. ఇద్దరికీ చెమటలు.

“ముందు తిప్పండి, తర్వాత తొయ్యండి,” అంది అమ్మ ఆయాసపడుతూనే. “గోడకు ఆనుకున్నాక ఇంక తిరగదు. ఇన్నాళ్లు ఆడి ఏం నేర్చుకున్నారండీ?”

“నువ్వు మాట్లాడకు. డాక్టరు వద్దన్నాడు.”

“నిలువునా తిప్పండి మరి.”

వెనక్కి లాగి, నిలువునా ఎత్తి తిప్పాం. వెళ్లింది. కిటికీ పక్కన దించి నవారు బిగించాం. పట్టక ఒక టేకు కుర్చీ బయట అరుగు మీదికి వెళ్లింది. నాన్నగారు దాని వెంట వెళ్లారు. ఆ తర్వాత పగలంతా ఆయన చోటు అదే. సందులో పోయేవాళ్లు మంచం చూశారు. బస్తాల బండ్లవాళ్లు “అమ్మగారూ, ఇవాళ ఆటెంత దాకా వచ్చిందండీ?” అని కిటికీలోంచి పలకరించేవాళ్లు. నాకు మొహం చెల్లేది కాదు. నాన్నగారు వీధివైపు చూస్తూ నిటారుగా కూర్చునేవారు. పెళ్లికి వెళ్లారు, ఒక్కరే, భోజనం చేసి వచ్చారు.

అమ్మ జబ్బు తగ్గిందని రాస్తే అబద్ధం. అది తగ్గేది కాదు. నిద్ర మాత్రం పట్టింది.

నాన్నగారు ఆటలో కుడిపక్క సందు వదలడం మానలేదు. ఎన్నిసార్లు ఓడినా అంతే. ఇప్పుడు నా సెల్‌ఫోనులో అదే ఆట రంగుల్లో ఉంది. నేను రెండు రకాలుగానూ ఆడతాను. ఏదీ ఎక్కువసేపు సాగదు. అలసట వస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రం గుర్తుంది. అమ్మ ఆడుతూ ఆడుతూ, ఆట ఆపే బొత్తాం నొక్కి, అలాగే దిండ్లకు ఆనుకుని నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, ఊపిరి సన్నగా, చప్పుడు లేకుండా వస్తోంది. నాన్నగారు అరుగు మీంచి లేచి వచ్చి, జారిపోబోతున్న డబ్బాను ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు. ముందు కూత రాకుండా నొక్కారు. తెరను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు.

“ఇదేం పేర్పు? దూలానికి చోటే ఉంచలేదు,” అన్నారు నాతో, గొంతు తగ్గించి.

“కొత్తగా మొదలుపెట్టుకోండి నాన్నగారూ.”

“ఇది ఆవిడ ఆట. లేచాక చూసుకుంటుంది,” అని, మంచం పక్కన నిలబడే, పీట వస్తే పీట, మెట్లు వస్తే మెట్లు, ఒక్కొక్క వరసే కొడుతూ ఆడారు. నేను కుర్చీ జరిపినా కూర్చోలేదు.