జేజి విప్పని పొడుపు

నా చిన్నప్పుడు మా ఊళ్లో పాము అనే మాట ఎవరూ పైకి అనేవారు కాదు. పురుగు అనేవారు. పురుగు ముట్టిన మనిషిని నిద్రపోనిస్తే ఇక లేవడని నమ్మకం. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో మా పల్లెకు బస్సు లేదు. ఆసుపత్రికి పోవాలంటే మైదుకూరు దాకా ఎద్దులబండే గతి.

శెనక్కాయ చెట్లు పీకి కుప్పలు వేసిన కాలం. అమ్మ కాన్పుకని పుట్టింటికి పోయింది. మధ్యాహ్నం నేనూ తమ్ముడూ చేలో రాలిన కాయలు ఏరుకుంటున్నాం. వాడు కుప్ప కిందికి చెయ్యి పెట్టి, చురుక్కుమందని వెనక్కి లాక్కున్నాడు. కుప్ప అవతల ఏదో సన్నగా జారిపోవడం నేను చూశాను. పక్కనే ఉన్న మా జేజి, అంటే నాయనమ్మ, నా ముఖం చూసే సంగతి గ్రహించింది.

నాయన బండి కట్టాడు. జేజి చీర చెంగు చించి వాడి చేతికి కట్టి, ఒళ్లో కూర్చోబెట్టుకుంది. కాసేపటికే వాడి రెప్పలు బరువెక్కాయి.

"ఏమబ్బీ, నిద్దర పోతాండావా? ఇది విప్పు సూద్దాం. పూసేది ఎండలో, కాసేది చీకట్లో. ఏంది?"

"గబ్బిలం."

"గబ్బిలం యాడన్నా పూస్తాదా? బుర్ర పెట్టి ఆలోచించు."

నాకు తెలుసు, శెనక్కాయ. చెప్పబోతే జేజి నా తొడ గట్టిగా గిల్లింది. తెలిసింది చెప్పడం కూడా తప్పేనా అని ఏడుపొచ్చింది. వాడు తప్పు మీద తప్పు చెబుతూ, జేజి వెక్కిరిస్తే ఉడుక్కుంటూ మేలుకునే ఉన్నాడు. చివరికి వాడే విప్పాడు. విప్పగానే తల వాల్చేశాడు. ఆ గిల్లుడు ఎందుకో నాకప్పుడు అర్థమైంది. అంతదాకా పాముకు భయపడ్డాను, అప్పటినుంచి జవాబుకు భయపడ్డాను.

జేజి వాడి చెంప తట్టి లేపింది. "కాళ్లు లేవు, ఊరు దాటిస్తాది. నోరు లేదు, పేరు పెట్టి పిలుస్తాది."

"రైలు."

"రైలుకు చక్రాలుండాయి గదరా."

"చక్రాలు కాళ్లెట్లయితాయి జేజీ?"

ఆ తగాదా ఆసుపత్రి గుమ్మం దాకా సాగింది. తోలుతున్న నాయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూడడానికి భయపడ్డాడని ఇప్పుడు అనుకుంటాను.

డాక్టరు సూదిమందు వేశాడు. పొద్దు వాలేదాకా కనిపెట్టి చూసి, ఇక భయం లేదన్నాడు. ఆ మాట విని జేజి గోడకు జారగిలబడి నేలమీదే కూర్చుండిపోయింది. మంచం మీద నుంచి తమ్ముడు మొండిగా అడిగాడు.

"అది ఏందో చెప్పు జేజీ."

"నాకేం తెలుసబ్బీ. ఏదో నోటికొచ్చింది అంటి."

ఆ తర్వాత కాలేజీ దాకా చదివాను. ప్రశ్న అంటే జవాబు కోసమేనని అక్కడ నేర్పారు. జేజి మాత్రం మనిషిని మన దగ్గర ఉంచుకోవడానికి ప్రశ్న అడిగింది. ఇప్పుడు మా పాపకు ఒళ్లు కాలిపోయే జ్వరం వస్తే, నేనూ ఏదో ఒకటి కల్పించి అడుగుతాను. పడుకోనిస్తేనే మంచిదని డాక్టరుగారు చెప్పారు, నాకూ తెలుసు. అయినా అడుగుతాను. అది మగతలోనే ఏదో తప్పు జవాబు చెబుతుంది. ఆ గొంతు విన్నాక నిద్రపోనిస్తాను.