కొర్నేలి అంకుల్ బిన్ కార్డులు

మా కొర్నేలి అంకుల్ పాట వినరు, దానికి కార్డు రాస్తారు.

స్టీల్ ప్లాంటు స్టోర్సులో ముప్పై ఏళ్ళు ప్రతి నట్టుకూ బోల్టుకూ, ఏ అరలో ఎన్ని ఉన్నాయో చెప్పే బిన్ కార్డు రాసిన మనిషి. రిటైరై మా క్యాంప్ 1 బస్తీలో ఇంటర్నెట్ దుకాణం పెట్టాక, నెట్‌లో జనం ఒకరికొకరు పంచుకునే ఫైళ్ళకు కార్డులు రాయడం మొదలుపెట్టారు. పేరు, సైజు, వచ్చిన తేదీ, ఎవరెవరి దగ్గరుంది. చివర ముప్పై రెండు అక్షరాల కోడు. అది ఫైలుకు వేలిముద్రట, పేరు మార్చినా మారదట. తొమ్మిదో తరగతితో బడి మానేసి నేను అక్కడ పనికి చేరాక, ఆయన చదివేవారు, నేను రాసేదాన్ని.

"ఏ నాలుగు, సి తొమ్మిది..."

"కంప్యూటర్లో ఉంది కదా అంకుల్?"

"అది కాలిపోతే? స్టోరు కాలినా కార్డు మిగలాల."

వెల్డర్ చిన్నారావు రోజూ విసుక్కునేవాడు. "అంకుల్, గానా దేదో! పాట ఇస్తే చాలు, దాని జాతకం నాకెందుకు?"

"ఆగరా, సైజు రాయనీ."

పెద్ద కంప్యూటర్ నిండా ఎవరెవరివో ఫైళ్ళు. పోలండ్‌లో ఎవరిదో పెళ్ళి. నలభై నిమిషాలు మొరిగే కుక్క. జాగా చాలక ఓసారి కుక్కను తీసేయబోయాను.

"తుడిపీకు! అది మనది కాదు!"

మనది కానిది ఉంచుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

నాకు కావలసింది ఆ కంప్యూటర్లో ఒక్కటే. గొంతు ఆపరేషన్ తర్వాత మా అమ్మ కాంతమ్మకు గుసగుస తప్ప మాట రాదు. అంతకుముందు చర్చిలో పాడిన పాటను అంకుల్ రికార్డు చేశారు. అమ్మ గొంతంటూ మిగిలింది అదే.

మే నెలలో కరెంటు వచ్చిపోయి, వచ్చిపోయి, పెద్ద కంప్యూటర్ హార్డ్ డిస్క్ కాలిపోయింది. అమ్మ పాటా అందులోనే పోయింది. అడగడం నాకు చేతకాదు. కార్డుల డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాను.

అంకుల్ డబ్బా అడుగు నుంచి ఓ కార్డు లాగారు. నేను రాసింది కాదు, ఆయన రాతే. "కాంతమ్మ పాట." ఎవరి దగ్గరుంది అన్నచోట మూడు దేశాల పేర్లు. ఒక్కోదాని పక్కన ఒక్కో మాట: "వాళ్ళ పెళ్ళి మన దగ్గర." "వాళ్ళ కుక్క మన దగ్గర." కింద ప్రతి నెలా ఉందో లేదో అడిగినట్టు టిక్కులు.

"ఆళ్ళవి మనం దాస్తే మనది ఆళ్ళు దాస్తారు. అంతే కదేటి?" అన్నారు, ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా.

పక్క కంప్యూటర్లో ఆ కార్డు మీది కోడు కొట్టి వెతికాను. రెండుసార్లు వేలు తప్పింది. గంటసేపు సున్నా శాతం. తర్వాత ఒకటి. సాయంత్రానికి పాట మొత్తం పోలండ్ పెళ్ళివారి దగ్గర నుంచి దిగింది.

"ఇప్పుడు కుక్కని ఎతకాల," అన్నారు అంకుల్.

అమ్మను తీసుకొచ్చి హెడ్‌ఫోన్ పెట్టాం. కళ్ళు మూసుకుని వింటున్నదల్లా ఉలిక్కిపడింది.

"ఏటే ఇది! రెండో చరణం తప్పు పాడీసినాను!" అంది గుసగుసగా. "తీయించీ అన్నయ్యా!"

"కుదరదు కాంతమ్మా. మూడు దేశాల్లో ఉంది."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మూడు దేశాల్లోనా?" అని, హెడ్‌ఫోన్ మళ్ళీ సర్దుకుంది.