నాలుగు ఆకుల బేరం

2023 జూలై, అంటే ఈ దక్షిణార్ధగోళంలో నడి చలికాలం. హామిల్టన్‌లోని ఒక నర్సరీలో, జబ్బుపడ్డ మొక్కలకు సలహా చెప్పే కౌంటర్ దగ్గర నాకది నాలుగో చలికాలం. ఒంగోలులో మా ఇంటిల్లిపాదీ కొట్లవాళ్లే. ఎదుటివాళ్లు పది అంటే ఆరు అనకపోతే మాకు అన్నం సహించదు.

ఒక శనివారం, మా కౌంటర్‌కు తరచూ వచ్చే సుశీల ఆంటీ ప్లాస్టిక్ సంచిలో రెండు హెలెబోర్ ఆకులు తెచ్చారు. హెలెబోర్ ఇక్కడి చలిలో తలవంచుకుని పూసే మొక్క. ఆవిడ పక్కింటి మార్గరెట్ రెస్ట్ హోమ్‌కు, అంటే వృద్ధాశ్రమానికి, మారుతూ, ఏళ్ల తరబడి పెంచుకున్న మొక్కను ఈవిడ చేతిలో పెట్టిందట. ఆగస్టులో పూలు చూడ్డానికి వస్తానందట. ఇప్పుడేమో ఆకుల నిండా నల్లమచ్చలు.

“పీకెయ్యాలంటావా బాబూ?” అని మెల్లగా అడిగారు.

ఆకు నల్లబడటానికి ముఖ్యంగా రెండు కారణాలు చూస్తాం. ఈనెల వెంట నల్లటి గీతలు పాకితే బ్లాక్ డెత్ అనే వైరస్. దానికి మందు లేదు, పీకి పారేయడమే. గుండ్రటి మచ్చల్లో వలయాలుంటే లీఫ్ స్పాట్, అంటే మచ్చ తెగులు. ఆకును వెలుతురుకు పట్టి చూశాను. వలయాలే. బతుకుతుందన్నాను. అయితే గ్లోవ్స్ వేసుకుని పాత ఆకులన్నీ మొదలంటా కోసి చెత్తలో పారేయాలన్నాను.

“అన్నీనా? మొగ్గలేసింది బాబూ. కడుపుతో ఉన్నదానికి గుండు కొట్టిస్తామా?”

సగం ఉంచుతానన్నారు. కుదరదన్నాను. ఎనిమిది అన్నారు. రెండు అన్నాను. నాలుగు దగ్గర తెగింది. ఎనిమిదిని నాలుగుకు దించానన్న గర్వంతో ఆ పూట టీ రెండు కప్పులు తాగాను.

రెండు వారాలకు ఆవిడ ఫొటో పంపారు. మొగ్గల కాడల మీద కూడా మచ్చలు. మార్గరెట్ రావడానికి పది రోజులే ఉంది.

పని ముగించుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. వాన పడ్డప్పుడల్లా ఆ నాలుగాకుల మీది తెగులు చినుకులతో చింది మొగ్గలకు అంటుకుంటోంది. ఆ నాలుగూ ఉంచకుండా ఉండాల్సిందని నసిగాను.

“నేనైతే అడుగుతాను. తెలిసినవాడివి, నువ్వెందుకు ఒప్పుకున్నావు?” అన్నారావిడ.

కత్తెర ఆవిడే తీసుకున్నారు. నాలుగాకులూ, మచ్చపడిన మొగ్గలూ పోగా ఐదు మొగ్గలు మిగిలాయి. వాటి మీద కాపర్ మందు కొట్టాను.

మార్గరెట్ వచ్చేసరికి బోడి మొక్క మీద మూడు పూలు విచ్చి ఉన్నాయి. ఆకులు కోసినందుకు ఆంటీ క్షమాపణ మొదలుపెడితే మార్గరెట్ నవ్వేసింది. తనూ ఏటా చలికాలం మొదట్లో అలాగే కోసేదట, ఆ సంగతి చెప్పడమే మర్చిపోయిందట. వంగి, ఒక పువ్వు గడ్డం పట్టుకుని పైకెత్తి చూసుకుంది.

నేను నేర్చుకున్నది ఇది. కొట్లో బేరమాడి తగ్గిస్తే పోయేది నా లాభమే. ఆ కౌంటర్ దగ్గర నేను ఉదారంగా వదిలేసిన నాలుగాకులు నావి కావు. వాటి నష్టం మొక్క భరించింది.